లాండుడ్నోకి కోచ్ ప్రయాణమంటే అప్పటిదే

ఉత్తర వేల్స్‌లోని లాండుడ్నోకి ఇప్పటికీ కోచ్‌లు వస్తూనే ఉన్నాయి. సోమవారం మధ్యాహ్నం సముద్రం ఒడ్డు హోటళ్ల ముందు బారులు తీరతాయి, శుక్రవారం పొద్దున్నే వెళ్లిపోతాయి. నా కడుపుమంటల్లా ఒకటే. ఐదు రోజులు పక్కపక్క సీట్లలో కూర్చున్నవాళ్లు కూడా మీదే ఊరని ఒకరినొకరు అడగరు. చెవుల్లో తీగలు, చేతుల్లో ఫోన్లు. మా రోజుల్లో కోచ్ కదిలిన అరగంటకే ఎవరికి మోకాళ్ల నొప్పులో, ఎవరమ్మాయికి పెళ్లి కుదిరిందో బస్సంతా తెలిసిపోయేది.

1980ల నాటి మాట. అప్పుడు నేనూ మా ఆవిడా ఇంగ్లండులోని లాంకషైర్‌లో ఉండేవాళ్లం. నూలు మిల్లులకు సెలవులిచ్చే వేక్స్ వారంలో ఊరికి ఊరే సముద్రానికి తరలిపోవడం ఆ ప్రాంతంలో ఆచారం. మేం చేరేనాటికి మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి గానీ ఆచారం ఇంకా బతికే ఉంది. ఆసుపత్రిలో నాతో పనిచేసే నర్సులే పట్టుబట్టి లాండుడ్నో కోచ్‌కి మా ఇద్దరి పేర్లూ రాయించారు. కోచ్ మా వీధి చివర చర్చి ముందు ఆగేది. పెట్టెలు డ్రైవరే ఎత్తి పెట్టేవాడు. ఐదు రోజులూ అతనే మమ్మల్ని తిప్పి, మళ్లీ ఆ చర్చి ముందే దింపేవాడు. చివరి రోజు ఒక టోపీ సీటుసీటుకీ తిరిగేది, తోచింది వేసేవాళ్లం. మరి ఇప్పుడో? తెల్లవారకముందే ఒక వ్యాన్ ఎక్కిస్తారు. అది మోటార్‌వే పక్కన ఎక్కడో దింపుతుంది. అక్కడ నిలబడ్డ అన్ని కోచ్‌లలో తనదేదో ఎనభై ఏళ్ల మనిషి పెట్టె ఈడ్చుకుంటూ వెతుక్కోవాలి. కారు నడపలేనివాళ్ల కోసమే కదా కోచ్! వాళ్ల గుమ్మం దగ్గర ఆగకపోతే ఇంకెవరి కోసం?

హోటల్లో మొదటి రాత్రే ఎవరి బల్ల ఏదో ఖాయం చేసేవారు. బల్లకి ఆరుగురం. శాకాహారమంటే ఆ వంటవాళ్లకి ఆమ్లెట్టూ ఉడికించిన బంగాళాదుంపలూ తప్ప ఇంకేమీ తెలియదు. ఆ సంగతిలో నేటి హోటళ్లు ఎంతో నయం. కానీ మా ఎదురుగా కూర్చున్న బొగ్గుగని పెద్దాయన 1984 సమ్మె గురించి చెప్పినంత వివరంగా ఏ పత్రికా నాకు చెప్పలేదు. వాళ్లావిడ మా ఆవిడకి స్వెట్టర్లు అల్లడం నేర్పింది. ఆ ఇద్దరి మధ్యా ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి. ఇద్దరిద్దరికే వేసిన ఇప్పటి బల్లల దగ్గర అలాంటి స్నేహం ఎలా పుడుతుంది?

ఆ ఊరి అందం గురించి కూడా చెప్పాలి. గ్రేట్ ఆర్మ్, లిటిల్ ఆర్మ్ అనే రెండు కొండల మధ్య వంపు తిరిగిన తీరం, దాని వెంట వరసగా తెల్లటి హోటళ్లు. 1877లో తెరిచిన పియర్ పొడవు 2,295 అడుగులు, వేల్స్‌లో అంతకన్నా పొడవైనది లేదు. దాని మొదట్లో ఉన్న పెవిలియన్ నాటకశాల 1994లో తగలబడిపోయింది, మళ్లీ కట్టలేదు. ఉత్తర తీరంలో పిల్లలు పిచ్చుక గూళ్లు కట్టుకునే ఇసుక ఉండేది. 2014లో కెరటాల నుంచి రక్షణ పేరుతో దాని మీద రాళ్లు గుమ్మరించారు. 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' పుస్తకానికి ప్రేరణైన ఆలిస్ లిడెల్ కుటుంబం సెలవులకని కట్టుకున్న ఇల్లు పడమటి తీరంలో ఉండేది. దాన్ని 2008లో పడగొట్టారు. ఇప్పుడు ఆ కథలోని పాత్రల బొమ్మల్ని వీధుల్లో నిలబెట్టారు, ఆ పిల్ల ఆడుకున్న ఇంటిని మాత్రం నిలబెట్టుకోలేకపోయారు. 1860 నుంచి ఒకే కుటుంబం, మన తోలుబొమ్మలాట వంశాల్లాగా, పట్టుకొస్తున్న పంచ్ అండ్ జూడీ బొమ్మలాట మిగిలింది, అదే పదివేలు.

లాండుడ్నో నుంచి కేర్నార్వన్ ఊరు చూడబోతూ కాన్వీ ఊరి మధ్య నుంచే వెళ్లేవాళ్లం. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ 13వ శతాబ్దంలో కట్టించిన కోటను ఆనుకుని, ఊరి పాత గోడల మధ్య ఇరుకు దారిలో డ్రైవరు కోచ్‌ని నెమ్మదిగా పోనిస్తుంటే ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. 1991లో కాన్వీ నది కింద వాహనాల సొరంగం తెరిచారు. కాన్వీ వాళ్లకి పొగ బాధ తప్పింది, సంతోషమే. కానీ అలా మిగిలిన టైముని ఏం చేశారు? ఇంకో రెండు ఊళ్లు ఇరికించారు. కేర్నార్వన్, మెనాయ్ వంతెన, చాంతాడంత పేరున్న ఒక రైల్వేస్టేషన్, బెటుస్ ఎ కోయిడ్, అన్నీ ఒక్క రోజులోనే. దిగిన చోటల్లా నలభై నిమిషాలు, అందులో సగం టాయిలెట్ల దగ్గర లైన్లోనే. మాకు పూటకి ఒకే చోటు. వారం మధ్యలో ఒక రోజు కోచ్ కదిలేదే కాదు. 1902 నాటి ట్రామ్, తాడుతో లాగే ట్రామ్, ఎక్కి గ్రేట్ ఆర్మ్ మీదికి పోయి, సాయంత్రందాకా సముద్రం చూస్తూ కూర్చునేవాళ్లం.

మా ఆవిడ పోయాక నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది గదుల సంగతి. పాత హోటళ్లలో పై అంతస్తుల్లో ఒక్క మనిషికి సరిపడే చిన్న గదులు ఉండేవి. ప్రతి గదికీ బాత్‌రూమ్ కలపాలని గోడలు కొట్టేసినప్పుడు అలాంటివి ఎన్నో పోయాయి. ఇప్పుడు ఒంటరిగా వెళితే అదనపు రుసుము కట్టాలి. భర్తనో భార్యనో పోగొట్టుకున్న మనిషికి జరిమానా! కోచ్‌లో సగం మంది అలాంటివాళ్లేనన్న సంగతి ఆ ధరలు వేసేవాళ్లకి తెలియదా?

ఇక్కడ బ్రిటన్‌లో ఉన్న మన పిల్లలకి ఒక్క మాట. ఆర్నెల్ల వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు మీరు ఆఫీసుకెళ్లాక కిటికీ పక్కన కూర్చుని రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. వాళ్లతో లాండుడ్నో కోచ్ ఎక్కండి. మీ ఫోన్ పెట్టెలో పెట్టి, ముందు సీటు వాళ్లది ఏ ఊరో మీరే అడిగి అమ్మకి చెప్పండి. ఆ తర్వాత మాటలు వాళ్లే కలుపుకుంటారు.