పీ-సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "నో పీ ఎలిమెంట్ ఇన్ స్కోప్ బట్ ఎ పీ ఎండ్ ట్యాగ్ సీన్."

టీక: వెబ్ పేజీల మార్కప్ శుద్ధిని పరీక్షించే ను హెచ్‌టీఎంఎల్ చెకర్ సెలవిచ్చిన సూత్రమిది. ప్రతిపదార్థం సుగమం గనుక విడిచిపెడుతున్నాం. సుగమం కానిది ఒక్కటే: అయితే ఇప్పుడేం చెయ్యాలి? సూత్రకారులు ఆ ఊసెత్తలేదు. అశోక్‌నగర్‌లో ఒక గ్రూప్స్ కోచింగ్ సెంటరుకు విద్యానగర్ కుర్రవాడెవరో పేజీ కట్టాడనుకుందాం. 4వ వరుసలో పీ, అంటే పేరా ట్యాగు, తెరిచి "కొత్త బ్యాచ్‌లు" అన్నాడు. 5వ వరుసలో యూఎల్, అంటే జాబితా ట్యాగు, తెరిచి వేళలన్నీ పేర్చాడు. దాన్ని మూసి, 40వ వరుసలో పీని కూడా మూశాడు. తెరిచినవన్నీ మూసినట్టే ఉంది. కానీ పేరాలో జాబితా ఇమడదని నియమం. యూఎల్ కనబడగానే, పేజీని చదివే పార్సరు చడీచప్పుడూ లేకుండా పీని మూసేస్తుంది. 40వ వరుసలోని మూతకు జోడీ లేకుండా పోతుంది. తప్పు జరిగింది 5లో, చీవాట్లు 40లో.

ఇక్కడ సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరిని తలుచుకోకుండా దాటిపోవడం శిష్టాచారం కాదు. మెదక్ దగ్గరి కొల్చారం ఆయనది. కాళిదాసు కావ్యాలు మూడింటికి సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాశాడు. చెడ్డ వ్యాఖ్యల విషానికి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందని, దాన్ని బతికించడానికే సంజీవని అని చెప్పుకున్నాడు. ఆయన పెట్టుకున్న నియమాలు గట్టివి: ఆధారం లేనిది రాయడు, అక్కరలేనిది చెప్పడు, అన్వయం తప్పడు. క్రియ చివరి పాదంలో ఉండి కర్త మొదటి పాదంలో ఉంటే రెండింటినీ తెచ్చి పక్కపక్కన కూర్చోబెడతాడు. రూపసిద్ధికి పాణినిని, అర్థానికి అమరకోశాన్ని సాక్ష్యం పిలుస్తాడు. భారవి మాట కొబ్బరికాయ వంటిదని ఒప్పుకుని, పెంకు తానే పగలగొట్టి ఇచ్చాడు తప్ప కాయ తెచ్చి పాఠకుడి నెత్తిన కొట్టలేదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక సాయంత్రమంతా చెప్పుకోదగ్గ సంగతే ఇది. కానీ మన పీ ఇంకా అనాథగానే ఉంది.

మార్కప్‌ను పరీక్షించే వ్యాలిడేటరు లైబ్రరీకి కావలసినవీ ఆ మూడు నియమాలే. మొదటిది అన్వయం. తెరిచి ఉన్న ఎలిమెంట్ల దొంతరను (స్ట్యాక్) పార్సరు ఎలాగూ పెట్టుకుంటుంది. ప్రతి ఎలిమెంటూ ఏ వరుసలో తెరుచుకుంది, దాన్ని ఎవరు మూశారు అన్నది కూడా రాసుకుంటే చాలు, "4లో తెరిచిన పీని 5లో వచ్చిన యూఎల్ మూసేసింది, అందుకే 40లోని మూత మిగిలిపోయింది" అనగలదు. ఆధారమంటే, ఏ నియమం తప్పిందో హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలో ఆ చోటు చూపడం. ఇక అక్కరలేనిది చెప్పకపోవడమంటే, ఒక దోషానికి పుట్టిన పిల్లదోషాలను వేరే పద్దుగా లెక్కించి భయపెట్టకపోవడం. ఈ విషయంలో ప్రమాణం కూడా కొంత దోషి. అక్షరాలను ట్యాగులుగా విడదీసే దశలోని తప్పులకు చక్కగా పేర్లు పెట్టి, ఆ ట్యాగులతో పేజీ చెట్టు కట్టే దశకు వచ్చేసరికి మౌనం వహించింది. మన పీ పడ్డది ఆ రెండో దశలోనే. క్లిష్టమైన చోట "స్పష్టం" అని పేజీ తిప్పేసే వ్యాఖ్యాతల సంప్రదాయం ఇంకా వర్ధిల్లుతోంది.

బ్రౌజరే సర్దుకుంటుంటే ఈ రభస దేనికని పూర్వపక్షం. సర్దుకుంటుంది, నిజమే. ఎలా సర్దుకోవాలో కూడా హెచ్‌టీఎంఎల్ ప్రమాణం పొల్లుపోకుండా చెప్పింది: జోడీ లేని మూత దగ్గర ఒక ఖాళీ పేరా పుట్టించాలి. జాబితా మాత్రం పేరా బయటపడుతుంది, పేరాకు వేసిన రంగూ అక్షరాల సైజూ దానికి అందవు. సర్దుకున్నది బ్రౌజరు, నష్టపోయింది రాసినవాడు. "తప్పు పట్టడమే మా పని, పాఠం చెప్పడం కాదు" అన్నది రెండో పూర్వపక్షం. లైబ్రరీని వాడేది మరో ప్రోగ్రాము. దానికి దోషం పేరు, చోటు, కారణం, నియమం విడివిడిగా అందిస్తే, పాఠం ఎలా చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో అదే చూసుకుంటుంది, తెలుగులోనైనా సరే. అన్నీ కలిపి ఒక ఇంగ్లీషు వాక్యంగా బిగించేస్తే, ఆ ముడి విప్పడానికి ఇదిగో, ఇలా టీకలు రాసుకోవాలి.

తాత్పర్యం: తప్పుందని చెప్పి తప్పుకోవడం పరీక్ష అనిపించుకోదు. లైబ్రరీలు రాసే అమ్మలారా, అయ్యలారా, ఎక్కడ, ఎందుకు, ఏ నియమం ప్రకారం అన్న మూడింటికీ జవాబు లేని దోషసందేశాన్ని విడుదల చేయకండి.