బేగం బజార్ టాంకీ చీటీ: ‘జంగుహారిణి’ వ్యాఖ్యాసహితము

మూలము

టాంకీ జంగ్ ఖరాబ్. కంపెనీ మాల్ బంద్.
ఎస్సెస్ టాంకీ బనాయించి ఫిట్టింగ్.
బోల్టులు 8, వాషర్లు 8, క్లిప్పులు 4.
లేబర్ లంసమ్. గ్యారంటీ లేదు. పార్టీ రిస్క్.

అవతారిక

బేగం బజార్‌లో గిన్నెల దుకాణాల వెనక గల్లీలో, కార్బన్ కాయితం పెట్టి రాసి చించి ఇచ్చిన నాలుగు పాదాల చీటీ ఇది. యతి ఎక్కడపడితే అక్కడ ఉంది, ప్రాస ఎక్కడా లేదు. కర్త పేరు లేదు, రబ్బరు ముద్ర లేదు, జీఎస్టీ నంబరు అసలే లేదు. ఇంతటి వినయం ప్రాచీన కవులకు కూడా అబ్బలేదు.

కథానాయిక ప్రీమియర్ పద్మిని. 1964లో బొంబాయి కుర్లాలో ఫియట్ 1100 డిలైట్‌గా పుట్టి, ఆనక పేరు మార్చుకొని, 2000 ప్రాంతం దాకా నడిచిన వంశం. 1089 సీసీ ఇంజను, స్టీరింగు కిందే గేరు. పద్మినీ జాతి నాయిక అయితే ఒంటినుంచి తామరపూల వాసన రావాలి కదా అని శాస్త్రజ్ఞులు అడగవచ్చు. ప్రస్తుతం వస్తున్నది పెట్రోలు వాసన. టాంకీ అడుగున సూదిమొనంత చిల్లు పడింది.

ప్రతిపదార్థము

మెదక్ జిల్లా కొల్చారం వాడని మనం గర్వంగా చెప్పుకునే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకొని మరీ కాళిదాసుకు సంజీవని రాశాడు. తర్వాతివాళ్లకు ఆ ఒట్టు బరువైపోయింది. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద దొరికే పాత టీకా తాత్పర్య ప్రబంధాలు తిరగేయండి. ‘చంద్రుడు = చందమామ’ అని ఓపిగ్గా రాసి ఉంటుంది. దాని కింద, అయిదు సమాసాలు పీటముడి పడి కూర్చున్న పాదానికి ఎదురుగా ‘స్పష్టము’ అని ఉంటుంది. ఎవరికి స్పష్టమో ఎవరూ అడగరు.

చీటీకర్త ఆ సంప్రదాయంలో ఆఖరి పండితుడు. బోల్టులు ఎనిమిదని, క్లిప్పులు నాలుగని లెక్కపెట్టి రాశాడు. రేకు మందం ఎంత, ఏ రకం స్టీలు, ఏ వెల్డింగు, లోపల అడ్డరేకులు పెడతాడా లేదా అన్నవన్నీ ‘లేబర్ లంసమ్’లో లీనమైపోయాయి. కనుక బోల్టు, వాషరు, క్లిప్పు అనే పదాలకు నేనూ అర్థం రాయను. స్పష్టము.

విశేషము: జంగ్

పూర్వ వ్యాఖ్యాతలు, అంటే మా బావమరిదీ పెట్రోలు బంకు అబ్బాయీ, జంగుకు, అంటే తుప్పుకు, కారణం వానలన్నారు. అది అపవ్యాఖ్య. ఇక్కడ చిల్లు లోపలినుంచి పుట్టింది. టాంకీ సగం ఖాళీగా బండిని నెలల తరబడి మూలన నిలబెడితే, పై సగంలో ఉన్నది గాలి. రాత్రి చల్లబడగానే ఆ గాలిలో తేమ రేకుకు పట్టి కిందికి జారుతుంది. పెట్రోలుకన్నా నీళ్లు బరువు కనుక అడుగున చేరి కదలకుండా కూర్చుంటాయి. రేకును తినేది అక్కడే.

మరి కంపెనీవాళ్లు ఉత్త ఇనుపరేకే పెట్టేవారా అంటే, లేదు. పాతకాలపు టాంకీల రేకుకు ఎక్కువగా సీసమూ తగరమూ కలిపిన పూత ఉండేది. అంటే కళాయి. బేగం బజార్‌లో నిలబడి కళాయి మాట ఎత్తాక చీటీ మీద చూపు నిలపడం ఏ వ్యాఖ్యాతకూ సాధ్యం కాదు.

ఇత్తడి గిన్నెకు కళాయి పెట్టడం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ముందు గిన్నెను ఇసుకతో, చింతపండుతో తోమి మసి, చిలుము వదలగొట్టాలి. బొగ్గుల కొలిమి మీద పటకారుతో పట్టి తిప్పుతూ ఉండాలి, పక్కన పిల్లవాడు తిత్తి కొడుతూ ఉండాలి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి బొగ్గుల వేడి చాలు. కానీ ఆ వేడి వచ్చిందీ లేనిదీ కళాయిసాయిబు థర్మామీటరు పెట్టి చూడడు. కడ్డీ కొసను గిన్నె అడుగుకు తాకిస్తాడు. జారి బొట్టు కడితే సరే, లేకపోతే ఇంకో నాలుగు తిత్తులు. అప్పుడు నవాసాగరం పొడి చిటికెడు చల్లుతాడు. గుప్పున తెల్లటి పొగ లేచి ముక్కుపుటాలు మండిపోతాయి, చుట్టూ మూగిన పిల్లలు దగ్గుతూనే కదలరు. ఆ పొగ విడిపోకముందే దూదిపింజతో గిన్నె లోపల ఒక్క విసురున చుట్టేస్తాడు. దూది పోయిన దారంతా తెల్లగా మెరుస్తుంది. దూది పోనిచోట మచ్చ అట్లాగే ఉండిపోతుంది, ఎన్ని కబుర్లు చెప్పినా దాగదు. ఆ మచ్చ దగ్గరే రేపు పులుసు విరుగుతుంది, చిలుము దిగుతుంది. పని ఎట్లా జరిగిందో గిన్నెలోకి తొంగి చూసిన ఇల్లాలికి అక్కడికక్కడే తెలిసిపోయేది. డబ్బు ఆ తర్వాతే. చీటీ లేదు, లంసమ్ లేదు, రిస్కు మాట లేదు.

ఆ కొలుములు ఆరిపోవడానికి స్టీలు కారణం. నిజాం అలీఖాన్ భార్య హమ్‌దా బేగం వర్తకులకు ఇచ్చిన నేల అని చెప్పుకునే ఈ బజారులో ఇప్పుడు వీధులకు వీధులు స్టీలే, అదీ తూకం లెక్కన. స్టీలులోనూ కులగోత్రాలున్నాయి. 304 అనేదాంట్లో క్రోమియం 18 పాళ్లు, నికెల్ 8 పాళ్లు. నికెల్ ఖరీదు కనుక దాన్ని తగ్గించి మాంగనీసు దట్టించింది 202. రెండూ ఒకేలా మెరుస్తాయి. ఏది పెడుతున్నావు నాయనా అని అడిగితే చీటీకర్త జేబులోంచి అయస్కాంతం తీసి రేకు మీద పెట్టి, “అంటుకోలే చూడుండ్రి సార్, అసలు మాల్” అన్నాడు. శాస్త్రప్రమాణం చూపించినంత ఠీవి. 202కీ అయస్కాంతం అంటుకోదు. ప్రత్యక్ష ప్రమాణమే మోసం చేసే ఇటువంటి స్థలాల్లో మల్లినాథుడైతే ఏం రాసేవాడో!

అన్నట్టు, టాంకీ.

పూత సంగతి చెప్పి, దాని కొత్త శత్రువు సంగతి చెప్పకపోతే వ్యాఖ్య అసంపూర్ణం. 2025కల్లా మామూలు పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, ఆ పాత సీసపు పూతకు ఆల్కహాలు పడదు. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లను దాన్ని తట్టుకునేట్టు చేశామన్నారు. అంతకుముందువాటిలో రబ్బరు సామాను కొంత మార్చుకోవలసి రావచ్చని ప్రభుత్వమే సెలవిచ్చింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచమని వేసిన వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. నా చిల్లు ఇథనాల్ పనేనని తీర్పు చెప్పను, పాత తేమ ఎప్పటినుంచో ఉంది. కానీ బంకులో గొట్టం పట్టుకున్నవాడు నన్నేమీ అడగలేదు. దేశానికి చెరకు రైతు ముఖ్యమే, దిగుమతి బిల్లు తగ్గడమూ ముఖ్యమే. మారిన రబ్బరు గొట్టం బిల్లు మాత్రం నాకు వస్తుంది.

ఆక్షేపము – సమాధానము

పూర్వపక్షి: కొత్తది దేనికి, పాతదానికే అతుకు వేయరాదా?
సమాధానము: ఖాళీ టాంకీ నిండు టాంకీకన్నా ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి ఒకటిన్నర శాతానికి అటూ ఇటూ ఉన్నా నిప్పురవ్వకు పేలుతుంది. కడిగి, ఆవిరంతా పోగొట్టి, నీళ్లో జడవాయువో నింపాకే వెల్డింగు టార్చి దగ్గరికి రావాలి. “ఖాళీదే సార్, ఏం గాదు” అనే వాక్యాన్ని ఏ ప్రమాణమూ సమర్థించదు.

పూర్వపక్షి: కంపెనీ టాంకీ పోయి స్టీలుది రావడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం మార్పు కాదా? తయారీదారు చెప్పినదానికి భిన్నంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది కదా?
సమాధానము: అదే కొలతకు, అదే చోట పెడితే అది మరమ్మతని నా మతం. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయరు మతం వేరే ఉంటుంది. అతని దగ్గరా ఒక చీటీ ఉంటుంది.

పార్టీ రిస్క్

చీటీకి ప్రాణం ఈ సమాసం. పార్టీ అనగా డబ్బు ఇచ్చువాడు. తాత్పర్యమేమనగా, బండి మీది, పెట్రోలు మీది, అంటుకుంటే మంటా మీది, పని మాత్రం మాది. నాకు కోపం టాంకీ చేసినవాడి మీద కాదు, అతని చెయ్యి మంచిది, అతుకు చూస్తే తెలుస్తుంది. ఆ చేతితో పని చేసి, మళ్లీ అదే చేతితో ఈ మాట రాయడం మీద కోపం. అరగంట సేపు స్టీలు మాహాత్మ్యం వినిపించినవాడు ఒక్క వాక్యం రాయలేడా? ఒకటిన్నర మిల్లీమీటర్ల 304 రేకు, ఆర్గాన్ వెల్డింగు, బ్రేకు కొట్టినప్పుడు పెట్రోలు ఒక పక్కకు ఎగబడి గొట్టం గాలి పీల్చకుండా లోపల రెండు అడ్డరేకులు, ఇంజను పీల్చేకొద్దీ టాంకీ బిగదీసుకోకుండా పైన గాలిగొట్టం, గాలి కొట్టి సబ్బునీళ్లు పూసి చూశాం, బుడగ రాలేదు. రాసి కింద సంతకం. బోల్టుల పాదం తీసేస్తే చోటు సరిపోతుంది.

ఇది శ్రీమదుస్మాన్‌గంజ లారీ నిరోధ సముపలబ్ధ చిత్తశాంతి, సిద్దిఅంబర్ బజార హారన్ ఘోష పునీత కర్ణయుగళ, పెట్రోల్ పరిమళ మిళిత వస్త్ర ప్రణీతంబైన జంగుహారిణి యను వ్యాఖ్యయందు ప్రథమ చీటీ సమాప్తము. ద్వితీయ చీటీ, టాంకీలో ఫ్లోటు ఎందుకు ఆడడం లేదో, ముల్లు సగం దగ్గరే ఎందుకు నిలిచిపోయిందో తెలుపునది, ఇంకా చేతికి అందలేదు. పర్సోం రమ్మన్నారు.