అటక దిగిన మైక్ సెట్టు

నేను మైక్ సెట్టు ఆంప్లిఫయర్ని. శంషాబాద్‌లో నా మొదటి యజమాని పెళ్లిళ్లకూ జాతరలకూ నన్ను అద్దెకు తిప్పేవాడు. అమ్మపల్లి రాములవారి కల్యాణానికి ఎడ్లబండి మీద వెళ్లాను. చెట్టుకు కట్టిన రెండు బాకాల్లోంచి నా గొంతు పక్క ఊరిదాకా పోయేది. ట్రాన్సిస్టర్ సెట్లొచ్చాక నాకు అటకే గతి అయింది. 2008 మార్చిలో ఊళ్లో విమానాశ్రయం తెరిచిననాడు కూడా అక్కడే, దుమ్ములో ఉన్నాను.

ఈమధ్యే ఆయన మనవడు నన్ను దించాడు. ఎయిర్‌పోర్టులో ఉద్యోగం, పాత రికార్డుల పిచ్చి. తుడిచీ తుడవకముందే ప్లగ్గు పెట్టేశాడు. కాసేపటికి నా రెండు ఈఎల్34 వాల్వుల్లో ఎడమదాని ప్లేటు కొలిమిలో కర్రులా ఎర్రబడింది.

వాల్వు పోయిందనుకుని కొత్త జత తెప్పించాడు. ఇప్పుడు వాల్వులు చేసే దేశాలు రష్యా, చైనా, స్లొవేకియా లాంటి కొన్నే. స్లొవేకియా జత విమానంలో మా ఇంటి పక్కనే దిగి, ఊరంతా తిరిగి, వారానికి గుమ్మం చేరింది. ఎడమ సాకెట్లో పెట్టింది మళ్లీ ఎర్రబడింది. రెండుసార్లూ ఎడమదే ఎందుకు కాలిందని ఆ పిల్లాడు ఒక్క క్షణం ఆలోచించలేదు. ఎనిమిది పిన్నులే కదా, ఈసారి 6ఎల్6 పెడదామన్నాడు. పిన్నులు కుదిరితే సరా? దాని బయాస్, అంటే గ్రిడ్డుకు ఇచ్చే మైనస్ వోల్టేజీ, వేరు, ఫిలమెంటు తాగే కరెంటూ వేరు: ఈఎల్34కి 1.5 ఆంపియర్లు, దానికి 0.9.

కోఠిలో రేడియోలు బాగుచేసిన ముసలి మెకానిక్ వచ్చి నా అడుగు రేకు విప్పాడు. పెద్ద వాల్వులు రెండూ పీకించి, సాకెట్లలో గ్రిడ్డుకు వెళ్లే అయిదో పిన్ను దగ్గర మీటరు పెట్టాడు. కుడివైపు మైనస్ 36 వోల్టులు, ఎడమవైపు ప్లస్ 12.

"వాల్వుది తప్పు గాదు బిడ్డా. దొంగ గీడున్నడు."

"ఈ చిన్నదా, తాతా?"

చూపించింది పాత కాగితం కెపాసిటర్ని. ముందు వాల్వు ప్లేటు మీది వోల్టేజీని ఆపి పాటను మాత్రం పంపడం దాని పని. ముసలితనంలో అది కారుతోంది. గ్రిడ్డుకు ప్లస్ తగిలితే వాల్వుకు కళ్లెం ఉండదు, తన ఒంటిని తానే కాల్చుకుంటుంది.

కెపాసిటర్లు మార్చాకే రెండు జతల్లోంచి వాల్వుల ఎంపిక. పిల్లాడి చూపు ఖరీదైన డబ్బా మీద, ముసలాయన చూపు మీటరు ముల్లు మీద. ఈఎల్34 ప్లేటు ఓర్చేది 25 వాట్లు. డెబ్బై శాతం దగ్గర ఆపితే 17.5. నా ప్లేటు వోల్టేజీ 400 కాబట్టి ఒక్కోదానికి 43 మిల్లీ ఆంపియర్లకు మించకూడదు. ఖరీదైన జతలో ఒకటి 43 దగ్గరుంటే రెండోది 31 దగ్గరే ఆగింది. అంత తేడా ఉంటే నా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము ఒకవైపే అయస్కాంతమై మద్దెల దెబ్బ చచ్చిపోతుంది. చవక జత 42, 43 చూపింది. అదే నాకు దక్కింది.

ముందువరసలోని చిన్న ఈసీసీ83 బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌ది. "దాన్ని ముట్టకు," అన్నాడు. ఇప్పటికీ అదే పాడుతోంది.

మీ అటక మీదా నాలాంటిది ఉంటే, వాల్వులు కొనేముందు తెలిసిన మెకానిక్‌ను పిలవండి. మీరు మాత్రం లోపల చెయ్యి పెట్టకండి. ప్లగ్గు పీకాక కూడా నా కడుపులో నాలుగు వందల వోల్టులు కాసేపు నిలిచే ఉంటాయి.