పెద్దకర్మకూ కులాసా అక్షరమే!

చిత్రకారుడు బాపు చేతిరాత కంప్యూటర్ ఫాంటయి చాలా ఏళ్లయింది. పాపం, అప్పట్నుంచీ ఆ దస్తూరికి సెలవన్నది లేదు. పెళ్లి శుభలేఖ, కథల పుస్తకం అట్ట, ఆవకాయ సీసా, టిఫిన్ సెంటర్ బోర్డు... వీటి మీద అది ఇంటి మనిషే, కాదనేవారు లేరు.

గొడవంతా ఆ పక్క గోడ దగ్గర. ‘బకాయి చెల్లించనిచో కుళాయి కనెక్షన్ తొలగించబడును’ అన్న హెచ్చరికా అదే అక్షరంలో! చదివినవాడు భయపడాలా, బాపు గీసిన బుడుగు ఏదో అన్నాడని నవ్వుకోవాలా? పెద్దకర్మ ఫ్లెక్సీ మీదైతే ‘అశ్రునయనాలతో’ అన్న మాట కొమ్ములూ గుడులూ ఊపుకుంటూ హుషారుగా వస్తుంది. కిందే భోజనాల వేళ. పోయినాయన ఫొటోలో సీరియస్‌గా ఉన్నాడు కాబట్టి సరిపోయింది.

ఇంగ్లీషుకూ ఈ తంటా తప్పలేదు. 1994లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి విన్సెంట్ కొనేర్, తెరమీద బొమ్మ కుక్క మాటల బుడగ చూసి, దానికి తగ్గట్టుగా కామిక్ శాన్స్ గీశాడు. 2012లో సెర్న్ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో హిగ్స్ బోసాన్ కణం దొరికిందన్న కబురు చెప్పిన స్లైడ్లలోనూ అదే అక్షరం! విశ్వరహస్యం సంగతి వదిలేసి ఫాంటు మీద పడ్డారు జనం.

మన దగ్గర అంత పట్టింపు లేదు. ‘ఏ ఫాంటు పెట్టమంటారు సార్?’ అని డీటీపీ కుర్రాడు అడుగుతాడు. ‘అందంగా ఉండేది పెట్టవయ్యా’ అంటాం. పెడతాడు. కోర్టు సమన్లు మాత్రం ఇంకా బిర్రబిగుసుకున్న అక్షరాల్లోనే వస్తున్నాయి. ఈ కుర్రాడి షాపు అడ్రసు అమీనుగారికి ఇంకా తెలిసినట్టు లేదు.