‘గూడూరు దాటేశా’నను వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలం: “ఆఁ, గూడూరు దాటేశానక్కా! అయిదు నిమిషాల్లో నీ గుమ్మంలో ఉంటా. అన్నం వార్చెయ్.”

అవతారిక: బెజవాడ నుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, నిడుమోలు, గూడూరు ఆ వరసలో తగులుతాయి. వక్త పల్లెవెలుగు బస్సులో కిటికీ పక్క తమ్ముడు. శ్రోత బందరులో బియ్యం కడిగి పెట్టుకున్న అక్క. కాలం మధ్యాహ్నం ఒంటిగంట.

టీక: ఆఁ = ఏడో రింగుకు గానీ ఫోనెత్తని తొట్రుపాటుతో; గూడూరు = కృష్ణా జిల్లాలోని మండల కేంద్రమును; దాటేశాను = దాటవలెనని మనసారా కోరుచున్నాను; అక్కా = ఓ ఆకలి తీర్చుదానా; అయిదు నిమిషాల్లో = పొద్దుగూకులోపల; నీ గుమ్మంలో ఉంటా = బస్టాండులో ఆటో బేరమాడుచుందును; అన్నం వార్చెయ్ = ఇందు గూఢార్థమేమియు లేదు.

శంక: నెల్లూరు దాటాక రైల్వే జంక్షను ఒక గూడూరు. కర్నూలు జిల్లాలో ఇంకొకటి, మహబూబాబాద్ జిల్లాలో మరొకటి. ఇది ఏది? సమాధానం: పామర్రులో ఉన్నవాడు నాలుగింటిలో దేన్నీ దాటలేదు కనుక చర్చ వృథా. పామర్రులోనే ఉన్నాడనడానికి శబ్దప్రమాణం ఉంది. వాక్యం మధ్యలో వెనకనుంచి కండక్టరు “పామర్రు, పామర్రు, దిగండి” అన్నాడు.

‘గంగలో గొల్లపల్లె’ అంటే గంగ ఒడ్డున పల్లె అని ఆలంకారికులు లక్షణతో సరిపెట్టారు. ఆ దారినే గూడూరును పామర్రు దాకా సాగదీయవచ్చునని కొందరు. ఒడ్డుకూ నీటికీ మధ్య నిడుమోలు అడ్డం లేదని మా ఆక్షేపణ.

పూర్వుల ప్రయోగం లేకపోలేదు. రెండో శతాబ్దపు టాలెమీ అలెగ్జాండ్రియాలో కూర్చుని, వర్తకులూ నావికులూ చెప్పింది విని, ఈ తీరాన ‘కొడ్డూర’ అనే ఊరుందని రాశాడు. అది ఈ గూడూరేనని చరిత్రకారులు పోల్చారు. ఊరి మొహం చూడకుండా ఊరి మాట చెప్పినవాళ్లలో మన తమ్ముడు మొదటివాడు కాడన్నమాట. అయితే టాలెమీ కోసం ఎవరూ అన్నం వార్చలేదు.

పాఠాంతరాలు: రైల్లో గుడివాడ పోయేవారిది ‘గుడ్లవల్లేరు దాటింది’. అవనిగడ్డ వారిది ‘పులిగడ్డ వంతెన ఎక్కేశాం’. భావం ఒకటే.

తమ్ముడు అబద్ధీకుడని తీర్మానించడం తొందరపాటు. పామర్రంటే అవతల “ఇంకా పామర్రేనా?” అన్న నిట్టూర్పు వస్తుంది. ఆలస్యం బస్సుది, నిట్టూర్పు తనకు. అది వినే ధైర్యం లేక ఊరినే కాస్త ముందుకు జరిపాడు. మొహమాటస్థుడు.

అక్క నమ్మిందా? “సరే, రా నాయనా” అంది గానీ పొయ్యి వెలిగించలేదు. గూడూరంటే పామర్రు, పామర్రంటే ఉయ్యూరు, ‘బయల్దేరా’నంటే స్నానానికి వెళ్తున్నాడు. మన కంటే ఆవిడే పెద్ద వ్యాఖ్యాత. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపమనవచ్చు కదా అని పిల్లలు అంటారు. తమ్ముణ్ని అనుమానించినట్టు ఉంటుందని ఆవిడే వద్దంటుంది. అనుమానం లేదని కాదు, అది ఫోన్‌లో కనపడకూడదని.

ఇద్దరికీ లెక్క తెలిసినప్పుడు నష్టమెవరికి? నిజంగా గూడూరు దాటాకే ఫోన్ చేసే అమాయకుడికి. అతణ్నీ ఆవిడ పామర్రు లెక్కలోనే వేస్తుంది. అతను గుమ్మం ఎక్కేసరికి బియ్యం ఎసట్లో కూడా పడవు.

తాత్పర్యం: తమ్ముడు పామర్రులో ఉన్నాడు. అక్కకు తెలుసు. అన్నం కాలేదు.

బందరు వచ్చే బంధువులకు మనవి: నిడుమోలులో ఉంటే నిడుమోలనే చెప్పండి. పులుసు చల్లారినా మళ్లీ వెచ్చబెట్టి పోస్తారు.