ఆకు బొమ్మకు నూరు మార్కులు

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర కొన్న సేంద్రియ ఉగ్గు ప్యాకెట్‌కు పర్యావరణ పరీక్ష పెట్టాం. 'ప్రకృతి మిత్ర' అని నాలుగుచోట్ల రాసుకుంది. ఒక్కచోటే రాస్తే ప్రకృతి నమ్మదేమో!

ముందు బొమ్మలు. పసిపాప బొమ్మ లేదు. 1992 నాటి శిశు ఆహార చట్టం వేయనివ్వదు. దాని బదులు పది ఆకులు, ఒక సూర్యుడు, ఒక కుందేలు. ఆకులకు నూటికి నూరు.

తరవాత సేంద్రియ ఆహారానికి వేసే జైవిక్ భారత్ ముద్ర. ఇది ఉత్తుత్తి ముద్ర కాదు. ఏటేటా వేసే పంటలకు మామూలుగా చేను రెండేళ్లు రసాయనాలు మానుకుంటే గానీ ధ్రువీకరణ దొరకదు. అయితే గింజ ఎట్లా పండింది, ఎట్లా పిండయింది అన్నంతవరకే దాని పూచీ. లారీ ఎంత దూరం తిరిగిందో, సంచి సంగతేమిటో దాన్ని అడగొద్దు.

సంచి అంటే ప్లాస్టిక్ పొర, అల్యూమినియం పొర, మళ్లీ ప్లాస్టిక్ పొర. వాటిని విడదీయలేక పాత సామాన్లవాళ్లూ ముట్టుకోరు. పిండి పాప పొట్టలోకి, సంచి మానేరు ఒడ్డున డంపింగ్ యార్డులోకి. పక్కింటి అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "పిండి మంచిగనే ఉన్నది బిడ్డా, గీ సంచి ఏ బర్రె తిని సస్తదో!"

అవ్వ ఉగ్గు వేరు. బియ్యం, పెసరపప్పు కడిగి, ఆరబెట్టి, దోరగా వేయించి, ఇసుర్రాయిలో ఇసిరి, స్టీలు డబ్బాలో పోస్తుంది. డబ్బా మీద ఆకు లేదు గనక మా పరీక్షకు అనర్హురాలు.

పిల్లల తిండి విషయంలో ఆదిలాబాద్ కథ ఇంకా బాగుంటుంది. జొన్న గట్క తిన్న గోండు గూడేల చుట్టూ ఇప్పుడు పత్తి చేలు. పిల్లలకు సర్కారు ఇచ్చే పోషకాహార పిండి బాలామృతం మూడు వందల కిలోమీటర్ల అవతల హైదరాబాద్ నాచారం నుంచి వస్తుంది. నెలకు రెండున్నర కిలోల సంచి, అందులో పెద్ద వాటా గోధుమలదే. పోగొట్టుకున్నది గుర్తొచ్చి ఉట్నూరు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కలిసి 'గిరి పోషణ' పేరుతో అంగన్‌వాడీలకు మళ్లీ జొన్న తిండి తెచ్చాయి. తాత చేన్లో పండించుకున్నదే మనవడికి పథకమైంది. మంచిపనే, కాకపోతే ఆ చేను ఇప్పుడు పత్తికి పోయింది.

కొనేవాళ్లు ఆకులు లెక్కపెట్టడం మాని, ఖాళీ సంచి వెనక్కి తీసుకుంటారా అని కంపెనీకి ఒక ఫోన్ కొట్టండి. ఇలాంటి పొరల సంచులను వెనక్కి సేకరించే బాధ్యత అమ్మిన కంపెనీదేనని 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది.