ఒడ్డున ఉన్నవాడు

ఇంగ్లండులో లెస్టర్‌షైర్‌లోని ఫాక్స్‌టన్ లాకుల దగ్గర, ఎండ కాసిన ఏ ఆదివారం వెళ్లినా ఆయన కనిపిస్తాడు. ఒక చేతిలో ఐస్‌క్రీం, రెండో చేతిలో కుక్క తాడు. చేతులు రెండూ ఖాళీ లేవు గనక ఓ చెయ్యి వెయ్యమని ఎవరూ అడగరు. పనీపాటా లేకుండా గట్టున నిలబడి పడవల్ని చూసే ఈ జాతికి అక్కడి కాలువ జనం పెట్టిన పేరు ‘గాంగూజ్లర్’. 1904లో హెన్రీ డి సాలిస్ తన కాలువల గైడులో ఈ మాటకు అర్థం కూడా రాసిపెట్టాడు. మనకంత నోరు తిరగని మాట అక్కర్లేదు. ఒడ్డున ఉన్నవాడు ఎన్నయినా చెబుతాడు అనేసి ఊరుకున్నాం.

ఇరుకు మెట్ల మీంచి బీరువా దించడం చూశారుగా? మోసేవాళ్లు ఇద్దరు, చెప్పేవాళ్లు పదిమంది. ఫాక్స్‌టన్‌లో జరిగేదీ అదే. పది లాకులు, అయిదేసి గదుల మెట్ల వరసలు రెండు. పై గది దిగువ తలుపే కింది గదికి ఎగువ తలుపు. ఏడడుగుల వెడల్పు, డెబ్బై అడుగుల దాకా పొడవు ఉండే పడవల్ని 1814 నుంచి ఇవి 75 అడుగుల ఎత్తు ఎక్కించి దించుతున్నాయి. మా గోదావరి కాలువల మీద తలుపులు తిప్పడానికి లాకు లస్కర్లు ఉండేవారు. ఫాక్స్‌టన్‌లో వాలంటీర్లు సాయం పట్టినా, తిప్పుడు చాలావరకు పడవవాళ్లదే. పడవవాళ్లదంటే భార్యదని అర్థం. భర్త చుక్కాని పట్టుకుని నౌకాదళాధిపతిలా నిలబడతాడు. ఆవిడ ఇనుప హ్యాండిల్‌తో పాడిళ్లు, అంటే నీళ్లు వదిలే చిన్న తలుపులు, ఎత్తి, తలుపు దూలానికి వీపు ఆనించి, కాళ్లు తన్నిపెట్టి నెడుతుంది. మన ఒడ్డు పెద్దమనిషి సలహాలు మాత్రం భర్తకే ఇస్తాడు.

ముందు పరిచయం. “ఇందులోనే కాపురమా?” “చలికాలం చలెయ్యదూ?” ఆ రోజు అదే ప్రశ్న పదకొండోసారి విన్న భర్త, “పొయ్యి ఉందండీ” అంటాడు. మూడో ప్రశ్న మరుగుదొడ్డి గురించి. అది గొంతు తగ్గించి అడుగుతాడు, మర్యాదస్తుడు.

తరువాత విజ్ఞానం. ఇక్కడి పాడిళ్లకు ఎరుపు, తెలుపు రంగులుంటాయి. ఎర్రది ఎత్తితే గదుల పక్కనుండే చెరువు నీళ్లు కింది గదిలోకి, తెల్లది ఎత్తితే పై గది నీళ్లు చెరువులోకి. ఎర్రది ముందు ఎత్తాలి, లేకపోతే చెరువు పొంగుతుంది. “తెల్లది ముందమ్మా!” అని ఆయన గట్టిగా చెబుతాడు. ఆవిడ వినిపించుకోకుండా ఎర్రది ఎత్తుతుంది. “అదీ, అలాగ!” అంటాడు తన శిష్యురాలే అన్నట్టు.

ఆయన్ని తీసిపారెయ్యలేం. లాకులో నీళ్లు దిగేటప్పుడు ఎగువ తలుపు కింద రాతి గడప ఒకటి బయటపడుతుంది. పడవ వెనక భాగం దాని మీద చిక్కుకుంటే, ముందు భాగం నీళ్లతోపాటు దిగిపోయి పడవ ఏటవాలుగా వేలాడుతుంది. ఆ ముచ్చట ఎప్పుడు జరుగుతుందా అని ఆయన ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాడని నా అనుమానం. మొన్న కిందికి దిగే పడవ ఒకటి మొదటి లాకులోనే నెమ్మదిగా వెనక్కి జరిగింది. మొగుడూ పెళ్లాం తాడు గురించి వాదులాటలో ఉన్నారు. చూసింది ఈయనొక్కడే.

“గడప! గడప!” అని చేతులు రెండూ ఎత్తి అరిచాడు. ఆవిడ గబగబా పాడిల్ దించేసింది. నీళ్లు ఆగాయి, పడవ ముందుకు జరిగింది. ఐస్‌క్రీం నేలపాలైంది, అంటే కుక్కపాలైంది.

ఆవిడ గట్టు దాటి వచ్చి చేతిలో ఇనుప హ్యాండిల్ ఆయనకు చాపింది. “చెయ్యి ఖాళీ అయిందిగా. ఇంకా తొమ్మిదున్నాయి.”

ఆయన దానివంకా కుక్కవంకా చూశాడు. “మణికట్టు నొప్పండీ,” అని గొణిగి, ఇంకో ఐస్‌క్రీం కోసం వరసలో నిలబడ్డాడు.